హింసకు శీర్షిక ఉంది, దయకు లేదు: డూఖస్ జానపద భాండాగారం సమీక్ష

ఐర్లండ్ పల్లెకథల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి పైసా ఖర్చు లేకుండా దొరికే పెద్ద గని డూఖస్ అనే వెబ్‌సైటు. అడ్రసు కొట్టేటప్పుడు డి-యు-సి-హెచ్-ఎ-ఎస్, చుక్క, ఐ-ఇ. ఐరిష్‌లో పలకడం ఒకటి, రాయడం ఇంకొకటి కాబట్టి ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. సరుకు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లోని జాతీయ జానపద సంగ్రహానిది. దాన్ని ఆన్‌లైన్‌కి ఎక్కించే పనిలో డబ్లిన్ సిటీ యూనివర్సిటీ, ప్రభుత్వ సాంస్కృతిక శాఖ చేతులు కలిపాయి. చదవడానికి లాగిన్ అక్కర్లేదు, రుసుమూ లేదు.

ఇది మొత్తం సైటు మీద సమీక్ష కాదు, ఒక్క పని మీదే. క్యాథలిక్కుల పూజను చట్టం నేరంగా చూసిన రోజుల్లో ఎవరు ఎవరిని పట్టించారు, ఎవరు ఎవరిని దాచారు అన్న కథలు వెతకడానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది? సరుకు మేలిమి, డబ్బాల మీద చీటీలు మాత్రం సగమే. కారం డబ్బా మీద కారం అని రాసి ఉంది. బెల్లం కావాలంటే ఒక్కో మూతా తీసి చూసుకోవాల్సిందే.

ఈ సరుకు ఎలా పోగైందో తెలిస్తే చీటీలు ఎందుకు సగమే ఉన్నాయో తెలుస్తుంది. ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ 1935లో ఏర్పడింది. రెండేళ్ళ తర్వాత వాళ్ళు బడిపిల్లల్ని పనిలోకి దించారు. ఐదు, ఆరు తరగతుల పిల్లలు, అంటే 11 నుంచి 14 ఏళ్ళవాళ్ళు, వ్యాసరచన పీరియడ్‌కి బదులుగా ఇంట్లో తాతనో పక్కింటి ముసలమ్మనో అడిగి, విన్నది నోటుబుక్కులో రాసుకురావాలి. బాగా వచ్చినవాటిని చేతిరాత బాగున్న పిల్లలో టీచరో బడి తరఫున ఒక పెద్ద పుస్తకంలోకి ఎక్కించాలి. 1937 నుంచి 1939 దాకా నడిచిన ఈ పథకంలో దాదాపు 5,000 బళ్ళు పాల్గొన్నాయి. పోగైనవి సుమారు 7,40,000 పుటలు. అందులో 2,88,000 దాకా పిల్లల సొంత నోటుబుక్కులవి, మిగతావి బైండు చేసిన 1,128 సంపుటాల్లోవి. కమిషన్ సేకరణను యునెస్కో 2017లో తన ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

పిల్లల్ని ఏమి అడగాలో చెప్పే చిన్న పుస్తకాన్ని కమిషన్ భాండాగార బాధ్యుడు షాన్ ఓ సూలవాన్ తయారుచేశాడు. అందులో 55 అంశాలు. దాచిన నిధులు, వాన గుర్తులు, వెన్న చిలకడం, కమ్మరి కొలిమి, ఆఖరికి పాదాల సంరక్షణకి కూడా ఒక అంశం ఉంది. ‘పీనల్ కాలంలో’ అన్నదీ ఒకటి, పూజను నేరంగా చూసిన ఆ రోజులకే ఆ పేరు. ‘ఆదుకున్న పొరుగువాళ్ళు’ అన్నది మాత్రం లేదు. టీచరు ఏ ప్రశ్న వేస్తే ఆ జవాబే వచ్చింది. వేటాడిన కథలు ఆ ఒక్క శీర్షిక కిందకి వచ్చిపడ్డాయి. కాపాడిన కథలు భూస్వాములు, ఊరి పేర్లు, పాత శ్మశానాలు, స్థానిక వీరులు అనే శీర్షికల కిందకి చెల్లాచెదురయ్యాయి.

చదివేముందు చట్టాల సంగతి కాస్త తెలిసి ఉండాలి, లేకపోతే ఏ కథ ఏ రోజులదో అంతుపట్టదు. పీనల్ చట్టాలంటే ఒక్క చట్టం కాదు, ప్రొటెస్టెంట్ పాలకులు క్యాథలిక్కుల మీద దఫదఫాలుగా బిగించిన ఉచ్చు. 1695లో వచ్చిన చట్టం ప్రకారం క్యాథలిక్కు దగ్గర ఐదు పౌన్లకు మించిన విలువైన గుర్రం ఉండకూడదు. ఐదు పౌన్ల ఐదు షిల్లింగులు చేతిలో పెట్టి ఏ ప్రొటెస్టెంటైనా దాన్ని తోలుకుపోవచ్చు. 1697 చట్టం పీఠాధిపతులూ (బిషప్పులు) సన్యాస సభల గురువులూ (ప్రీస్టులు) 1698 మే 1లోగా దేశం విడిచిపోవాలంది. 1704లో విచారణ గురువులు, అంటే ఒక్కో ప్రాంతపు చర్చిని చూసుకునే ప్రీస్టులు (మన క్యాథలిక్కులు వాడే మాటే వాడుతున్నాం), ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలన్నారు, 1,089 మంది చేసుకున్నారు. 1709లో మెలిక పెట్టారు. గద్దె కోల్పోయిన క్యాథలిక్కు రాజు రెండో జేమ్స్ స్టువర్టు కొడుకుకి సింహాసనం మీద హక్కు లేదని ప్రమాణం చేయాలన్నారు. బహుకొద్దిమంది తప్ప గురువులెవరూ చేయలేదు. నమోదైన పేర్లు, ఊళ్ళు సర్కారు చేతిలోనే ఉన్నాయి కాబట్టి నిన్నటి దాకా చట్టబద్ధంగా ఉన్నవాళ్ళు ఒక్కసారిగా పరారీలో ఉన్న నేరస్థులయ్యారు. పట్టించినవాళ్ళకి రేట్లు కూడా అదే చట్టంలో ఉన్నాయి: పీఠాధిపతికి 50 పౌన్లు, సన్యాస గురువుకో నమోదుకాని గురువుకో 20, క్యాథలిక్కు బడిపంతులుకి 10. ముళ్ళు విప్పడం 1778లో మొదలైంది. పార్లమెంటులో కూర్చునే హక్కు 1829 దాకా రాలేదు.

ఇక వాడకం. సైటు తెరవగానే పైన భాష మార్చే మీట ఉంటుంది. ముందు ఇంగ్లిషుకి మార్చుకోండి. బడిపిల్లల సంగ్రహంలోకి వెళ్తే కౌంటీ వారీగా, బడి వారీగా, ఊరి వారీగా, మనుషుల పేర్ల వారీగా, అంశం వారీగా చూసుకునే దారులుంటాయి. కథల పాఠంలో మాట వెతికే దారి విడిగా ఉంటుంది. కొత్తవాళ్ళు తిన్నగా అంశాల సూచీకి పోయి, చారిత్రక కాలాల కొమ్మ కింద పీనల్ కాలం మీద నొక్కుతారు. వేల ఫలితాలు వచ్చి మీద పడతాయి. చాలావాటిలో కథంటూ ఉండదు. ఫలానావాళ్ళ పొలంలో ఒక పలక బండ ఉంది, దాని మీద సిలువ గీసి ఉంది, అక్కడ పూజ జరిగేది, గుట్ట మీద కాపలా ఉండేవాళ్ళు – నాలుగు లైన్లలో అయిపోతుంది. బండలు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపు గీసేవాళ్ళకి ఇవి బంగారం. మనుషుల కోసం వెతికేవాళ్ళు రెండో పేజీకే ఆవలిస్తారు.

దయ కోసం వెతికే పద్ధతి వేరు. ముందు ఒక కౌంటీ ఎంచుకోండి. తర్వాత పాఠంలో వెతికే పెట్టెలో కాలం పేరు కాకుండా పనిని సూచించే మాటలు ఇంగ్లిషులో కొట్టండి: దాచాడు, హెచ్చరించాడు, ఆశ్రయమిచ్చాడు, వాటితోపాటు ప్రొటెస్టెంట్, క్వేకర్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ), మినిస్టర్ (మంత్రి కాదు, ప్రొటెస్టెంట్ పాస్టర్), మేజిస్ట్రేట్. అదయ్యాక ‘భూస్వామి’, ‘పాత శ్మశానాలు’, ‘ఊరి పేర్లు’ అనే శీర్షికల్లో అదే కౌంటీని ఓపిగ్గా తిరగేయాలి. ముసలివాళ్ళు దయను కాలం కింద గుర్తుపెట్టుకోలేదు, మనిషి పేరు కింద, ఇంటి పేరు కింద గుర్తుపెట్టుకున్నారు. ‘ఆ ఇంటివాళ్ళ మీద ఎవరూ చెయ్యెత్తరు, ఎందుకంటే వాళ్ళ పూర్వీకుడు...’ అని మొదలయ్యే కథ పీనల్ కాలం చీటీ కింద దొరక్కపోవచ్చు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. టిప్పరరీ కౌంటీ ఎంచుకుని ఫాదర్ షీహీ అని వెతకండి. నికొలస్ షీహీ క్లోహీన్ ప్రాంతంలో విచారణ గురువు. దశమభాగం పన్నుకీ, ఊరుమ్మడి బీళ్ళకు కంచెలు వేయడానికీ వ్యతిరేకంగా రాత్రిపూట తిరగబడ్డ రైతుల పక్షాన నిలిచాడని ఆయన మీద సర్కారు కన్ను పడింది. తలకు 300 పౌన్లు ప్రకటించారు. ఆయన దాక్కున్న చోటు షాన్‌రాహన్ శ్మశానం. పగలంతా ఒక సమాధి గదిలో. చీకటి పడ్డాక శ్మశానం గోడ పక్కనే ఉన్న ఇంట్లోకి. అక్కడ తిండి, చలిమంట. ఆ ఇల్లు గ్రిఫిత్ అనే ప్రొటెస్టెంటుది. 300 పౌన్ల మనిషికి రోజూ కంచంలో పెట్టి, ఒక్క మాట బయటకి పొక్కనివ్వలేదని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. చివరికి షీహీ తనంతట తానే లొంగిపోయాడు, విచారణ క్లోన్‌మెల్‌లో కాకుండా డబ్లిన్‌లో జరగాలన్న షరతు మీద. డబ్లిన్‌లో నిర్దోషిగా తేలాడు. వెంటనే హత్యానేరం మోపి క్లోన్‌మెల్‌కే తీసుకుపోయి 1766 మార్చి 15న ఉరితీశారు. తలను జైలు మీద ఇరవై ఏళ్ళు గుచ్చి ఉంచారు.

ఇక్కడ చదువరి జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. జనం నోట ఇది మతహింస కథ. కాగితాల మీద చూస్తే భూమి తగాదా కథ. ఆయన్ని ఉరికి పంపింది పూజ చేసినందుకు కాదు. రెండూ ఒకే తాడులో పేనుకుపోయాయి, విడదీయడం కష్టం. పీనల్ కాలం అనే చీటీ కింద ఉన్నవన్నీ పూజ కోసం జరిగిన గొడవలే అనుకుంటే పొరబడతారు.

గ్రిఫిత్ లాంటి కథల పక్కన, పట్టించిన కథలు పెట్టి చూడండి. మేయో కౌంటీ బాలిన్‌టబర్‌లో షాన్ నా సగార్ట్, అంటే ‘గురువుల షాన్’. అసలు పేరు జాన్ ములౌనీ, పుట్టుకతో క్యాథలిక్కే. గుర్రాల దొంగతనంలో ఉరి పడాల్సింది, గురువుల్ని పట్టిచ్చే ఒప్పందం మీద బతికి బయటపడ్డాడని చెబుతారు. చావుబతుకుల్లో ఉన్నట్టు నటించి, అవసాన సంస్కారం కోసమని అక్కచెల్లెలి చేతే ఒక గురువును పిలిపించి పొడిచాడన్నది అతని మీద ఉన్న ముఖ్యమైన కథ. డానిగాల్ కౌంటీలో బంక్రానా దగ్గర ఫాదర్ హెగర్టీ బండ ఉంది. సముద్రపాయ ఒడ్డున గుహలో దాక్కున్న గురువుకు అక్కచెల్లెలు రాత్రుళ్ళు తిండి మోసుకెళ్ళేది. ఈవిడ రోజూ ఎక్కడికి పోతోందని కాపుకాసి సైనికులకు చెప్పింది ఆమె మొగుడే. గురువు నీళ్ళలో దూకి ఈదాడు. ఏమీ చేయం, వెనక్కి రమ్మన్నారు. వచ్చాడు, తల తీశారు.

కౌంటీ మారుతుంది, పేర్లు మారతాయి, అమరిక మాత్రం చాలాచోట్ల ఇదే: వేలు చూపేది ఇంటివాడు, తలుపు తీసేది పరాయివాడు. క్యాథలిక్కులు మంచివాళ్ళు, ప్రొటెస్టెంట్లు చెడ్డవాళ్ళు అని గీత గీసినట్టు చెప్పే కథలూ బోలెడున్నాయి, టీచరు సొంత మాటలు కలిపాడనిపించేవి కూడా. కానీ ఇంటి పొయ్యి దగ్గర చెప్పిన కథల్లో ఆ గీత అంత తిన్నగా ఉండదు. ఈ సంగ్రహం విలువ అక్కడే ఉంది, సూచీ దాన్ని పట్టుకోలేకపోయింది.

దయ కథల్ని ముసలివాళ్ళ ఊహలని కొట్టిపారేసే వాళ్ళకి ఒక మాట. పొరుగు ప్రొటెస్టెంటు ఒక క్యాథలిక్కు కుటుంబం భూమిని తన పేర పెట్టుకుని తరాల పాటు కాపాడి, గజం తక్కువ కాకుండా తిరిగి ఇచ్చాడన్న తరహా కథ ఉంది. వినడానికి సినిమా కథలా ఉంటుంది. కానీ చట్టమే దానికి దారి ఇచ్చింది. క్యాథలిక్కు భూమి కొనకూడదు, 31 ఏళ్ళకు మించిన కౌలు పట్టకూడదు. అలా పట్టాడని ముందుగా కోర్టుకు చెప్పిన ప్రొటెస్టెంటుకి ఆ హక్కు దక్కుతుంది. ఇలా చెప్పేవాణ్ణి ‘డిస్కవరర్’ అనేవాళ్ళు. శత్రువు చెప్పకముందే స్నేహితుడు వెళ్ళి తనే ఫిర్యాదు చేసేవాడు. కాగితం మీద భూమి అతనిది, దున్నుకునేది పాతవాళ్ళే. ఇలాంటి స్నేహపూర్వక ఫిర్యాదులు చరిత్రకారులకు తెలిసినవే. ఇందులో దయ ఎంత లోతైందో చూడండి: ఆ ఒప్పందమే చట్టవిరుద్ధం కాబట్టి, రేపు స్నేహితుడు మాట తప్పితే ఏ కోర్టుకూ వెళ్ళలేరు. మొత్తం వ్యవహారం నోటిమాట మీదే నడవాలి. కాబట్టి ఈ తరహా కథ కనిపిస్తే పక్కన పడేయకండి, ఇంటి పేరూ ఊరి పేరూ రాసిపెట్టుకోండి. భూమి రికార్డుల్లో సరిచూసుకోదగ్గ సంగతి అది.

కొన్ని కథలు మాత్రం ఏ ఊరివీ కావు, అన్ని ఊళ్ళవీ. గుర్రానికి నాడాలు వెనక్కి తిప్పి కొట్టి జాడ మరల్చడం ఒకటి. గురువు దాగిన గుహ ముఖానికి సాలీడు గూడు కట్టడం ఇంకొకటి. ముహమ్మద్ ప్రవక్త సౌర్ అనే గుహలో దాగిన సందర్భంలోని సాలీడు మన ముస్లిం ఇళ్ళలో తెలిసినదే, అది ప్రపంచమంతా తిరిగిన సాలీడు. ఇలాంటివాటిని జరిగిన సంఘటనగా లెక్కేయకూడదు. అలాగని తీసిపారేయనూ కూడదు.

వీటిలో ఐర్లండ్ వాళ్ళు తమదిగా చేసుకున్న కథ ఒకటుంది. పవిత్ర కుటుంబం కథలన్న శీర్షిక కింద దొరుకుతుంది. హేరోదు రాజు సైనికులు తరుముతుంటే మరియమ్మ బిడ్డ యేసుతో పారిపోతోంది. దారిలో ఒక రైతు విత్తనాలు చల్లుతున్నాడు. ఎవరైనా అడిగితే, విత్తేటప్పుడు ఇటు వెళ్ళారని నిజమే చెప్పమంటుంది. తెల్లారేసరికి చేను పండిపోయింది, రైతు కోస్తున్నాడు. సైనికులు వచ్చి అడిగారు. విత్తేటప్పుడు చూశానన్నాడు. ధర్మరాజులా ‘కుంజరః’ అని గొణగాల్సిన పని పడలేదు, చేను అతని తరఫున సాక్ష్యం చెప్పింది. అయితే నెలల కిందటి మాటన్నమాట అని సైనికులు వెనక్కి తిరగబోతుంటే, పనల కింద నుంచి ఒక నల్ల పురుగు తలెత్తి ‘ఇన్యే, ఇన్యే’ అంది. ఐరిష్‌లో ‘నిన్న, నిన్న’ అని. పక్కనే ఉన్న పేడపురుగు కలగజేసుకుని, కాదు, ఏడాదైందని బొంకింది. ఆ నల్ల పురుగు దర్‌డీల్. అంగుళం పొడవుంటుంది, బెదిరిస్తే తేలులా తోక పైకి లేపుతుంది. కనపడితే చంపాలి, చంపితే పాపాలు పోతాయి అనేవాళ్ళు. పేడపురుగును మాత్రం వదిలేసేవాళ్ళు. మనుషుల కథల్లో ఉన్న వేలు చూపేవాడు, కాపాడేవాడు ఇక్కడ అరచేయంత మట్టిలో కనిపిస్తారు. వెతికేటప్పుడు ఒక్క రాతతో సరిపెట్టుకోవద్దు. పిల్లలు విన్నట్టే ఇంగ్లిషు అక్షరాల్లో దింపారు కాబట్టి డీల్, దారడీల్, దార్‌డోల్ అని రకరకాలుగా ఉంటుంది.

ఈ రాతల తికమక పూజబండల దగ్గర ఇంకా ఎక్కువ. ఐరిష్‌లో పూజబండను ‘కారిగ్ అన్ ఆఫ్రిన్’ అంటారు. పూజ అనే ఆ చివరి మాటకి సరైన రాత ఎ-ఐ-ఎఫ్-ఆర్-ఐ-ఎన్-ఎన్. కానీ ఇంగ్లిషు బడుల పిల్లలు ఎఫ్ రెండుసార్లు వేశారు, ఐ ఎగరగొట్టారు, మూడు మాటల్ని ఒకటిగా కలిపేశారు. ఒక రాతతో వెతికి ‘మా ఊళ్ళో ఏమీ లేదు’ అనుకోవద్దు. ఊరి పేరు వైపు నుంచి రావడమే మేలు. సైటులో ఊళ్ళ పేర్లు అధికారిక స్థలనామాల పట్టికకి ముడిపెట్టి ఉన్నాయి కాబట్టి, పిల్లవాడు ఎలా రాసినా ఊరు ఊరే.

కథ కాలం తేల్చడం ఇంకో తలనొప్పి. పిల్లలకి పీనల్ కాలమంటే మొదటి ఎలిజబెత్ రాణి నుంచి విక్టోరియా ముందు దాకా అంతా ఒకటే. లోపలి గుర్తుల్ని బట్టి లాగాలి. యోమెన్ అనే స్థానిక దళం కనిపిస్తే అది 1796 తర్వాతి మాట, 1798 తిరుగుబాటు జ్ఞాపకం కావచ్చు. పీలర్లు అంటే పోలీసులు, 1814కి ముందు ఉండే వీల్లేదు. తోడేలు తలకీ గురువు తలకీ ఒకే వెల అన్న మాట 1650ల నాటిది: మగ తోడేలుకు 5 పౌన్లు, ఆడదానికి 6 ఇచ్చేవాళ్ళు అప్పట్లో. 20 పౌన్లు, 50 పౌన్లు అని వినిపిస్తే 1709 చట్టం వాసన. ఇక ఐర్లండ్ మీద దండెత్తిన ఇంగ్లిషు సేనాని క్రామ్‌వెల్. ఆయన ఐర్లండ్‌లో ఉన్నది 1649 ఆగస్టు నుంచి 1650 మే దాకా, తొమ్మిది నెలలే. నోటుబుక్కుల్ని నమ్మితే కూలిన ప్రతి గోడ దగ్గరా గుర్రం దిగాడు. ఇంకోటి: 1731లో లార్డ్స్ సభ విచారణ జరిపిస్తే దేశంలో వందల కొద్దీ పూజశాలలు తేలాయి. చట్టం ఉన్నా, చాలాచోట్ల మేజిస్ట్రేట్లు చూసీచూడనట్టు పోయారు. కాబట్టి ప్రతి బండ దగ్గరా వందేళ్ళ పాటు సైనికులు పొంచి ఉన్నారనుకోనక్కర్లేదు.

నమ్మదగిన కథ ఏదో తేల్చడానికి పాఠం కింద ఉండే వివరాలు చూడండి. సేకరించిన పిల్లవాడి పేరు, ఊరు, కథ చెప్పినవాళ్ళ పేరు, వయసు, బంధుత్వం – ఉన్నంతవరకు విడివిడిగా ఇచ్చారు. డెబ్బై, ఎనభై ఏళ్ళ తాత చెప్పిందంటే ఆయన తన తాత దగ్గర విన్నది 1800 చుట్టుపక్కలకు చేరుతుంది. చెప్పినవాళ్ళ పేరు ఖాళీగా ఉండి, భాష మరీ గ్రాంథికంగా ఉండి, అవే వాక్యాలు ఇద్దరు ముగ్గురు పిల్లల దగ్గర కనిపిస్తే అది పాఠ్యపుస్తకంలోంచి దింపిందని అనుమానించాలి. ఆ జాగ్రత్త కోసమే ఇంకో సలహా: పాఠం చదివి ఊరుకోకుండా అసలు పుట బొమ్మ తెరిచి చూడండి. కొట్టివేతలు, టీచరు ఎర్రసిరా దిద్దుళ్ళు, మధ్యలో మారిన చేతిరాత టైపు చేసిన పాఠంలో కనపడవు.

ఆ పాఠం కూడా యంత్రం చదివింది కాదు. చేతిరాతని జనమే కూర్చుని టైపు చేశారు, ఇంకా చేస్తున్నారు. ఆ పనికి ‘మెహల్ డూఖస్’ అని పేరు. మెహల్ అంటే కోతలప్పుడు ఊరంతా ఒకరి చేలో ఒకరు చేసుకునే పని, మన పల్లెల్లో బదులు వెళ్ళడం లాంటిదే. ఎవరైనా పేరు నమోదు చేసుకుని ఒక పుట తీసుకుని టైపు చేయొచ్చు, తెలుగువాళ్ళూ చేయొచ్చు. ఒకటే నియమం గట్టిగా పట్టుకోవాలి: పిల్లవాడి తప్పుల్ని దిద్దకూడదు, ఉన్నది ఉన్నట్టే దింపాలి. ఇంగ్లిషు పుటలు సులభం. ఐరిష్ పుటల జోలికి పోతే పాత గేలిక్ లిపి ఎదురవుతుంది. అందులో ఆర్, ఎస్ అక్షరాలు కవలల్లా ఉంటాయి. అక్షరం నెత్తిన చుక్క ఉంటే ఇప్పటి రాతలో దాని పక్కన హెచ్ వేసినట్టు. పైగా అవి స్పెల్లింగుల సంస్కరణకి ముందటి రాతలు. రాత్రి అనే మాటకి అప్పుడు ఏడక్షరాలు, ఇప్పుడు ఐదు. అందుకే ఐరిష్ కథల్ని యంత్రానువాదంలో పడేస్తే మధ్యమధ్యలో అర్థంలేని ముక్కలు వస్తాయి. ముందు పాత రాతను కొత్త రాతలోకి మార్చుకుని అప్పుడు అనువదించుకుంటే కాస్త నయం. ఇంకో సంగతి, పాఠం టైపు కాని పుట వెతుకులాటలో తగలదు. శీర్షిక చూసి, పుట తెరిచి, కళ్ళతో చదువుకోవాలి.

లోపాల్లో పెద్దది సైటుది కాదు, 1937 నాటిది. పథకం అప్పటి ఐరిష్ రాజ్యంలోని 26 కౌంటీలకే పరిమితం. ఆంట్రిమ్, డౌన్, ఆర్మా, డెరీ, టిరోన్, ఫెర్మానా – ఉత్తరాన ఉన్న ఆరు కౌంటీలు ఇందులో లేవు. క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ గోడకి గోడ ఆనించుకుని బతికిన చోటు అదే, ఇలాంటి కథలు దట్టంగా ఉండాల్సిన చోటూ అదే. డబ్లిన్, కార్క్ లాంటి నగరాల బళ్ళనీ మినహాయించారు. రాసిన పిల్లల్లో అత్యధికులు క్యాథలిక్కులు. ప్రొటెస్టెంట్లలోనే వేరే శాఖ అయిన ప్రెస్బిటీరియన్లు కూడా 1704 తర్వాత ఉద్యోగాల విషయంలో దెబ్బతిన్నారు, వాళ్ళ జ్ఞాపకం ఇందులో సన్నగా వినిపిస్తుంది. 1641 తిరుగుబాటులో చనిపోయిన ప్రొటెస్టెంట్ల కథలు ఇక్కడ వెతికితే నిరాశే. మొత్తం ఐర్లండ్ జ్ఞాపకం ఇదేనని ఎవరైనా అంటే నమ్మకండి.

పూజబండ దగ్గరికి స్వయంగా వెళ్ళి చూడాలనుకునేవాళ్ళు, డబ్లిన్, కార్క్‌లలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి, కథలో ఉన్న ఊరి పేరు పట్టుకుని జాతీయ స్మారకాల శాఖ ఆన్‌లైన్ మ్యాపులో సరిచూసుకోవాలి. అందులో పూజబండలకు విడిగా ఒక వర్గం ఉంది. మ్యాపులో లేనంత మాత్రాన బండ లేదని కాదు. అప్పుడు 1830లు, 40ల నాటి ఆరంగుళాల సర్వే పటాలు తెరిచి పొలం హద్దులు పోల్చుకోవాలి. బండలు చాలావరకు సొంత పొలాల్లో ఉంటాయి, రైతును అడక్కుండా గేటు దూకొద్దు. ఆవులున్న పొలమైతే తీసిన గేటు వేసి రావడం మరవొద్దు. అసలు సంపుటాలు బెల్‌ఫీల్డ్ క్యాంపస్‌లో న్యూమన్ భవనంలో ఉన్నాయి, ముందుగా సమయం తీసుకుని వెళ్ళాలి. కౌంటీ లైబ్రరీల్లో ఆ కౌంటీ వరకు మైక్రోఫిల్ములు ఉంటాయి గానీ, సైటు ఉండగా వాటితో కుస్తీ అనవసరం.

ఈ కథల్ని తెలుగులో చెప్పే ఆలోచన ఉన్నవాళ్ళు షరతులు చూసుకోండి. సరుకు క్రియేటివ్ కామన్స్ కింద ఉంది, పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు. సొంత బ్లాగులో అనువదించి పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు. ప్రకటనల డబ్బు వచ్చే యూట్యూబ్ ఛానెల్‌కైతే ముందు ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. ఆధారం ఇచ్చేటప్పుడు సంపుటం నంబరు, పుట నంబరు తప్పనిసరి. ప్రతి కథ పుటలోనూ ఆ వివరం ఉంటుంది, కథ నచ్చిన క్షణమే నకలు తీసి పెట్టుకోండి. శీర్షిక గుర్తుంది కదా అని వదిలేస్తే మళ్ళీ దొరకదు, ఎందుకంటే ‘పీనల్ కాలంలో’ అన్న ఒకే శీర్షికతో ఒక్కో కౌంటీలో వందల కథలున్నాయి.